గొంతు డ్యూటీ

మా బడిలో అన్యాయం ఎప్పుడూ జరగదు. జరగక తప్పదనుకుంటే ముందు చీట్లు వేస్తారు.

బడి తెరవడానికి ముందు రోజు స్టాఫ్‌రూములో మా పన్నెండు మంది టీచర్లనీ కూర్చోబెట్టి హెడ్‌మాస్టరుగారు తరగతులు పంచుతారు. ఎవరికి ఏ సెక్షను కావాలో వాళ్ళు అడుగుతారు, ఆయన రాసుకుంటారు. ఎవరూ అడగని సెక్షను ఒక్కటి మిగులుతుంది. అది డి. దానికోసం మాత్రం చాక్‌పీసుల పెట్టె ఖాళీ చేసి, అందులో మా పేర్లు రాసిన చీట్లు వేసి, బాగా కుదిపి ఒకటి తీస్తారు. "నేను ఇస్తే పక్షపాతం అంటారు. చీటీకి తన మన ఉండదు కదా!" అని హెడ్‌మాస్టరుగారు ఏటేటా అంటారు. మేము ఏటేటా తలలూపుతాం.

ఈ డి సెక్షను పుట్టుక కూడా చెప్పాలి. ఇప్పుడందులో ఉన్న బ్యాచి ఒకటో తరగతిలో చేరిన ఏడాది పిల్లలు ఎక్కువైపోతే నాలుగో సెక్షను పెట్టారు. ఆలస్యంగా చేరినవాళ్ళు, ఇంకో బడి వద్దన్నవాళ్ళు, మిగతా మూడు సెక్షన్ల టీచర్లు దండం పెట్టి వదిలించుకున్నవాళ్ళు, అంతా అందులోనే. మొత్తం యాభై ఇద్దరు. మొదటి ఏడాది వాళ్ళకు చెప్పిన టీచరు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయింది. రెండో తరగతికి రాగానే చీట్లు మొదలయ్యాయి.

చీట్ల కంటే ముందు ఉత్తరాలు మొదలయ్యాయి. చీటీ వేసే ముందు ఎవరికైనా ఇబ్బంది ఉంటే రాసి ఇవ్వవచ్చని హెడ్‌మాస్టరుగారు అన్నారు. ఇబ్బంది లేని మనిషి ఎక్కడుంటాడు? ఒక మాస్టారికి బీపీ. అప్పటినుంచి ఆయన అందరికీ బీపీ మాస్టారే. ఒకావిడకి మోకాళ్ళ నొప్పులు, డి సెక్షను మేడ మీద చివరి గది. ఒకాయనకు రిటైర్మెంటు దగ్గర పడింది, నాకు తెలిసి ఆరేళ్ళుగా దగ్గర పడుతూనే ఉంది. మొదటి ఏడాది ఏడు ఉత్తరాలు వచ్చాయి. పెట్టెలో ఐదు చీట్లు మిగిలాయి, నా పేరు వచ్చింది. మరుసటి ఏడాది పది ఉత్తరాలు, రెండు చీట్లు. మళ్ళీ నా పేరే వచ్చింది. హెడ్‌మాస్టరుగారు ఆ ఉత్తరాలన్నీ ఒక ఫైల్లో పెట్టి దాని మీద 'మినహాయింపులు' అని అందంగా రాశారు.

నేను మాత్రం ఉత్తరం రాయలేదు. ఒకరి ముందు చేయి చాచడమంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్ళు మంట. మా ఆయన పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుంటారు. పొద్దస్తమానం జనం రాసే ఫిర్యాదులు, అర్జీలు తూకం వేస్తుంటారు కాబట్టి ఆయనకు వాటి బలం తెలుసు.

"అడగందే అమ్మయినా పెట్టదే. ఒక కాగితం ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది?" అనేవారు.

"మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధవుతుందని నాకు తెలీదా? నేనేం మెత్తన కాదు. చూస్తూ ఉండండి," అనేదాన్ని.

అలా చూస్తూ ఉండగానే నా గొంతు పోయింది. రెండేళ్ళపాటు యాభై ఇద్దరి మీద అరిచాను మరి. మూడో తరగతి చివరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటితే నా నోట్లోంచి మాట బదులు గాలి వచ్చేది. గొంతు డాక్టరు చిన్న గొట్టం లోపలికి పెట్టి చూసి, స్వరం వచ్చే చోట చిన్న కాయలు కట్టాయని చెప్పాడు.

"అరవకూడదు. గుసగుసగా మాట్లాడటం కూడా మంచిది కాదు. మెల్లగా, మామూలుగా మాట్లాడండి. అరిచారా, ఆపరేషనే. ఆ తర్వాత గొంతు మునుపటిలా వస్తుందని మాత్రం నేను చెప్పలేను. ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

"టీచర్ని."

ఆయన కలం కింద పెట్టి నా వంక జాలిగా చూశాడు. టీచరుకు గొంతు పోవడమంటే దర్జీకి వేళ్ళు పోవడమే. ఆ రాత్రి భయపడ్డానని చెప్పడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. మరునాడు సాయంత్రం మా ఆయన చెబుతుంటే బుద్ధిగా కూర్చుని ఉత్తరం రాశాను, డాక్టరు చీటీ జత చేశాను, రెండూ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

మీటింగు రోజున ఉత్తరాలు వరసగా టేబుల్ మీదికి వచ్చాయి. లెక్కపెట్టాను, పదకొండు. కిందటేడు నాతో పాటు మిగిలిన కొత్త టీచరు కూడా నేర్చేసుకుంది, ఆవిడకు దుమ్ము పడదట. నేను బ్యాగు జిప్పు తీశాను. సరిగ్గా అప్పుడే బీపీ మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"నన్నడిగితే అసలు చీట్లే అక్కర్లేదండి. ఆ పిల్లల్ని అదుపులో పెట్టగలిగింది ఈ టీచర్‌గారొక్కరే. ఏం గొంతు, ఏం గొంతు! ఆవిడ మేడ మీద అరిస్తే కింద నా క్లాసు కూడా నోరు మూసుకుంటుంది."

అందరూ నవ్వారు. మోకాళ్ళ టీచరు నా భుజం తట్టింది. హెడ్‌మాస్టరుగారు పెట్టె కుదిపారు. లోపల ఒకే ఒక్క చీటీ గోడలకు కొట్టుకుంటున్న చప్పుడు అందరికీ వినిపించింది. ఆయన పెట్టె నా ముందుకు చాచి, "మీ చేత్తో మీరే తీయండి టీచర్‌గారూ. రేపు ఎవరికీ అనుమానం ఉండకూడదు," అన్నారు.

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను నాకు పనికొచ్చే పని చేయను, అది నా జాతకం. ఉత్తరం తీయాల్సిన చేత్తో కలం తీశాను. తీర్మానాల పుస్తకం లాక్కుని నా చేత్తోనే రాశాను. 'వచ్చే ఏడాది నుంచి డి సెక్షను చీట్లలో అందరి పేర్లూ ఉండాలి. ఏ కారణం చేతనైనా సరే, ఎవరికీ మినహాయింపు లేదు.' కింద సంతకం పెట్టి పుస్తకం పక్కకు తోశాను.

అందరూ చకచకా సంతకాలు పెట్టేశారు. వచ్చే ఏడు జరగబోయే న్యాయానికి ఈ ఏడు ఎవరూ అడ్డు చెప్పరు. "చాలా మంచి తీర్మానం," అని హెడ్‌మాస్టరుగారు మెచ్చుకున్నారు. నేను పెట్టెలో చేయి పెట్టి, ఉన్న ఒక్క చీటీ తీసి, విప్పి, నా పేరు నేనే చదివాను. చప్పట్లు కొట్టారు.

ఇంటికి వెళ్ళి సంగతి చెబితే మా ఆయన చేయి చాచారు. "ఉత్తరం ఇటియ్యి. బరువు చూస్తాను. బ్యాగులో ఉండిపోయిందంటే చాలా బరువై ఉండాలి," అన్నారు.

నాలుగో తరగతి డి సెక్షనులో మొదటి రోజు టేబుల్ దగ్గర నిలబడి మెల్లగా, మామూలుగా, "కూర్చోండి," అన్నాను. మొదటి బెంచీకి కూడా వినపడలేదు. వెనక రెండు బెంచీలు అప్పటికే తలకిందులుగా ఉన్నాయి. కిటికీ మీద ఒకడు, కిటికీ బయట ఒకడు. ఆ గోలలో అన్నిటి కంటే పైకి ఒక గొంతు వినిపిస్తోంది. దాని పేరు మైకు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇంకొకటి ఉండాలి, నాకు ఎప్పుడూ అవసరం రాలేదు. ఆ పిల్ల మేడ మీద తుమ్మితే గేటు దగ్గర కాపలా మనిషి "చిరంజీవ" అంటాడు. రెండేళ్ళుగా నేను రోజుకు ఇరవై సార్లు "నోర్ముయ్" అన్నది దాన్నే.

దాన్ని సైగ చేసి పిలిచాను. తిట్లు తినడానికి సిద్ధమై వచ్చింది.

"నాకు గొంతు బాలేదు. నేను మెల్లగా చెప్తాను, నువ్వు గట్టిగా చెప్పు. నేను చెప్పిందే చెప్పాలి, సొంతం కలపకూడదు," అన్నాను.

మైకు నన్ను అనుమానంగా చూసింది. తర్వాత క్లాసు వైపు తిరిగి, "టీచర్ కూర్చోమంటున్నారు! కూర్చోకపోతే చూస్కోండి!" అంది. సొంతం కలిపింది. కానీ కూర్చున్నారు.

వారం తిరిగేసరికి గొడవ మొదలైంది. "అస్తమానం అదేనా? మేం చెప్పకూడదా?" అని. అరవడం తప్పు కాకుండా పోయే ఉద్యోగం దొరికితే యాభై ఇద్దరూ అభ్యర్థులే. అప్పుడు ఒక షరతు పెట్టాను. నేను చెప్పింది తప్పు లేకుండా చెప్పాలి. ఎవరైనా "ఎందుకు?" అని అడిగితే జవాబు కూడా చెప్పాలి. తప్పు చెప్తే వెళ్ళి కూర్చోవాలి. వంతుల లిస్టు మాత్రం వాళ్ళే వేసుకున్నారు. రోల్ నంబర్ల ప్రకారం యాభై రెండు పేర్లూ రాసి, పైన 'గొంతు డ్యూటీ' అని పెట్టి గోడకు అంటించారు. ఆ రోజు బడికి రానివాళ్ళ వంతు పోతుంది. నా హాజరుపట్టీ అంత నిండుగా ఎన్నడూ లేదు.

తమాషా ఏమిటంటే, నేను గట్టిగా చెప్పినన్నాళ్ళూ ఎవరూ వినలేదు. మెల్లగా చెప్పేసరికి, రేపు వంతు తమదే కాబట్టి, పెదాల వంక చూస్తూ వినేవారు. భిన్నాలు, భాగహారాలు నా నోట్లోంచి చిన్నగా బయల్దేరి, ఒక పిల్ల గొంతులోంచి పెద్దగా వెళ్ళేవి.

ముప్ఫై ఏడో నంబరు పిల్ల చాలా మెల్లగా మాట్లాడుతుంది. మాట తడబడుతుంది, ఒక్కో మాట దగ్గర ఆగిపోతుంది. మూడేళ్ళలో దాని గొంతు నేను విన్నది హాజరు పిలిచినప్పుడే. దాని వంతు వచ్చిన రోజు నాకే జాలేసింది. "నీకు ఇబ్బందైతే మానెయ్యమ్మా, తర్వాతి వాళ్ళు చెప్తారు," అన్నాను.

మైకు లేచి నిలబడింది. "అదెలా కుదురుతుంది టీచర్? లిస్టులో పేరుంది కదా. వంతంటే వంతే!"

ముప్ఫై ఏడు అప్పటికే టేబుల్ దగ్గరికి వచ్చేసింది. ఒక్క లెక్క చెప్పడానికి పావుగంట పట్టింది. 'భాగహారం' అన్న మాట దగ్గర నాలుగు సార్లు ఆగింది. యాభై ఒక్క మంది, కిటికీ మీద వేలాడే రకాలతో సహా, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అందించలేదు. చివరికి శేషం సున్నా అని చెప్పి వెళ్ళి కూర్చుంది. మేం పన్నెండు మంది పెద్దవాళ్ళం, డిగ్రీలున్నవాళ్ళం, మూడేళ్ళు చీట్లు వేసుకుని చేయలేని పని వీళ్ళు గోడకు కాగితం అంటించి చేసేశారు. ఆ రోజు నేను వాళ్ళను ప్రేమించాను. అంతకు ముందు జీతానికి పాఠం చెప్పాను, అంతే.

ఏడాది చివర్లో తనిఖీకి వచ్చిన ఆఫీసరు మేడ మీద చివరి గది దగ్గర ఆగిపోయాడు. లోపల ఒకే ఒక్క పిల్ల గొంతు, మిగతాదంతా నిశ్శబ్దం. గంటసేపు వెనక బెంచీలో కూర్చుని విన్నాడు. వెళ్తూ రిజిస్టరులో 'ఆదర్శ తరగతి' అని రాశాడు. పరీక్షల్లో యాభై ఇద్దరిలో నలభై ఏడుగురు పాసయ్యారు, మిగతా ఐదుగుర్నీ కూడా పై తరగతికి పంపారు. ఇక మిగిలింది ఐదో తరగతి, మా బడిలో వాళ్ళకు చివరి ఏడు. ఆ ఏడు కూడా వాళ్ళు నాకు కావాలి. జీవితంలో మొదటిసారి డి సెక్షను కోసం ఆశపడ్డాను.

ఆశపడ్డది నేనొక్కదాన్నే అయితే బాగుండేది. ఐదో తరగతి డి సెక్షను కింది అంతస్తులో, స్టాఫ్‌రూము పక్కన. చుట్టుపక్కల బడుల వాళ్ళు దాన్ని చూడటానికి వస్తారని కబురు వచ్చింది. దాంతో మా బడిలో ఆరోగ్యం వెల్లివిరిసింది. బీపీ మాస్టారికి బీపీ తగ్గింది. మోకాళ్ళ టీచరు మెట్లు రెండేసి ఎక్కుతోంది. దుమ్ము పడనావిడ నల్లబల్ల తనే తుడుస్తోంది. రిటైర్మెంటు కూడా కొంచెం దూరం జరిగింది.

మీటింగుకు ముందు హెడ్‌మాస్టరుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"టీచర్‌గారూ, ఆ పిల్లలు మీకు అలవాటైపోయారు. మీరు ఊఁ అంటే పెట్టెలో మీ చీటీ ఒక్కటే వేస్తాను. కొత్తేం కాదు కదా," అన్నారు.

అబద్ధమెందుకు, ఊఁ అనేది నాలుక చివరిదాకా వచ్చింది. ముందు రోజు మా ఆయన కూడా అదే అన్నారు. "మూడేళ్ళు అన్యాయం చేసిన పెట్టే. ఇంకో ఏడాది చేస్తే కొత్తగా పాపం తగులుతుందా?" అని. కానీ గోడ మీద లిస్టు గుర్తొచ్చింది. వంతంటే వంతే అన్న ఆ పిల్ల ముందు రేపు ఏ మొహం పెట్టుకుని నిలబడను?

"అందరివీ వేయండి," అన్నాను.

పన్నెండు చీట్లు వేశారు. పెట్టె కుదిపితే ఈసారి నిండుగా చప్పుడైంది. లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి పన్నెండింట ఒకటి అంటే ఎంతో నాకు తెలుసు. తెలిసినా కళ్ళు మూసుకున్నాను. బడి ఆయా చేయి పెట్టి ఒకటి తీసింది. మా బడి చరిత్రలో మొట్టమొదటి నిజమైన చీటీ అది. బీపీ మాస్టారి పేరు వచ్చింది. ఆయన లేచి అందరికీ నమస్కారం పెట్టారు. నాకు ఐదో తరగతి ఎ సెక్షను ఇచ్చారు, పక్క గదే.

ఆ మధ్యాహ్నం పంతాన్ని గట్టున పెట్టి ఉత్తరం రాశాను. డి సెక్షను నాకే ఇవ్వమని, నన్ను ప్రత్యేకంగా పరిగణించమని. హెడ్‌మాస్టరుగారు చదివి, తీర్మానాల పుస్తకం తీసి నా ముందు తెరిచారు. నా దస్తూరీ. నా సంతకం, అందరికంటే పైన. 'ఏ కారణం చేతనైనా సరే.' తవ్వుకున్న గొయ్యి లోతుగానే తవ్వుకున్నాను.

ఎ సెక్షను పిల్లలు బంగారాలు. చేతులు కట్టుకుని కూర్చుంటారు, చెప్పకముందే రాసుకుంటారు. గొంతు ఎంతో బాగుపడిందని డాక్టరు సంతోషించాడు. పక్క గదిలోంచి రోజూ మైకు గొంతు వినిపిస్తూనే ఉంది. మొదట్లో సంతోషించాను. పది రోజులకు చెవికి తేడా తెలిసింది, రోజూ మైకేమిటి? మిగతా యాభై ఒక్కరి వంతులూ ఏమయ్యాయి?

పదకొండో రోజు విరామంలో ముప్ఫై ఏడు వచ్చి నా తలుపు దగ్గర నిలబడింది.

"ఏమ్మా, నీ వంతు ఇంకా రాలేదా?" అని అడిగాను.

"మాస్టారు... లిస్టు... తీసేశారు టీచర్. చూడ్డానికి వచ్చేవాళ్ళకి... మైకయితే బావుంటుందని. నాకు..." ఆగింది. ఆగిన చోటే నేనూ ఆగాను. గంట కొట్టారు, పిల్లలు మా ఇద్దరి పక్కనుంచీ లోపలికి వెళ్ళారు. నాలుగోసారికి మాట బయటికొచ్చింది. "నాకు మి... మినహాయింపు ఇచ్చారు."

బీపీ మాస్టారు చెడ్డవాడు కాదు. ఆ పిల్ల మీద నిజంగానే జాలిపడి ఉంటారు. ఆయనకు తెలిసిన జాలి అదొక్కటే, మూడేళ్ళపాటు తను పొందినదే పిల్లకూ పెట్టారు. ఒకప్పుడు నేను కూడా పెట్టబోయాను.

పిల్ల జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. పెన్సిలుతో రాసింది. 'హెడ్‌మాస్టరుగారికి. నాకు మినహాయింపు వద్దు. ఎవరికీ వద్దు. మా లిస్టు మాకు ఇవ్వండి. నా వంతు పోయింది.' కింద రోల్ నంబర్ల వరసలో సంతకాలు. యాభై రెండు. మైకుది అన్నిటికంటే పెద్దక్షరాలతో.

"నువ్వే ఇవ్వచ్చుగా?" అన్నాను.

"ఇస్తే ఫైల్లో పెట్టేస్తారంట... మైకు చెప్పింది. మీరు గట్టిగా చదవాలంట టీచర్."

ఎ సెక్షను బంగారాలకు ఒక లెక్క ఇచ్చి, ఆ పిల్లను వెంటబెట్టుకుని హెడ్‌మాస్టరుగారి గదికి వెళ్ళాను. పక్కనే స్టాఫ్‌రూములో ముగ్గురు నలుగురు ఉన్నారు, తలుపులన్నీ తీసే ఉన్నాయి. గొంతు డాక్టరు గుర్తొచ్చాడు. ఈ ఒక్కసారికి ఆయన క్షమించాలి. ఏడాదికి పైగా దాచుకున్న గొంతు తీసి, మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా, యాభై రెండు పేర్లతో సహా చదివాను. సొంతం ఏమీ కలపలేదు. డి సెక్షనులో మైకు పాఠం మధ్యలో ఆగిపోయింది.

హెడ్‌మాస్టరుగారు కంగారుగా లేచారు. "టీచర్‌గారూ, ముందు ఆ తలుపు మూయండి!"

నేను ముప్ఫై ఏడు వంక చూశాను. అది తల అడ్డంగా ఊపింది. కాగితం సరిచేసుకుని మళ్ళీ మొదటినుంచి చదివాను.